రెండు వృత్తాల లెక్క: ఏరియోలా చిన్నది చేసే ఆపరేషన్‌లో ఏమి జరుగుతుంది

చనుమొన చుట్టూ ఉండే ముదురు రంగు వలయాన్ని వైద్యులు ఏరియోలా అంటారు. అది మరీ పెద్దగా ఉందని లోలోపల బాధపడే స్త్రీలు చాలామందే ఉంటారు గాని, ఆ మాట పైకి చెప్పేవారు తక్కువ. తల్లితో చెప్పలేరు, స్నేహితురాలితో చెప్పలేరు, డాక్టరు ముందు కూర్చున్నాక కూడా "అక్కడ కొంచెం..." అని ఆగిపోతారు. దాన్ని చిన్నది చేసే ఆపరేషన్ ఒకటి ఉందని తెలిశాక ఫోనులో వెతకడం మొదలుపెడతారు. అక్కడ కనిపించేవి 'ముందు, తర్వాత' ఫొటోలు, గంటలో పూర్తిచేసి అదే రోజు ఇంటికి పంపుతామనే హామీలు. ఆ హామీ అబద్ధమేమీ కాదు. ఒకటి రెండు గంటల్లో అయిపోయే పనే అది, చాలావరకు అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు కూడా. కానీ ఆ గంటలో చర్మానికి ఏమి చేస్తారో, ఆ తర్వాత ఏడాది పాటు ఆ చర్మం ఏమి చేస్తుందో తెలుసుకోకుండా ఎవరూ బల్ల ఎక్కకూడదు. ఈ రెండూ ఒక చిన్న లెక్కతో బోధపడతాయి. ఆ లెక్క దగ్గరికి వెళ్లే ముందు, అసలు ఎంత ఉంటే పెద్ద అనే సంగతి చూడాలి.

స్త్రీలలో ఏరియోలా అడ్డుకొలత సగటున నాలుగు సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. సగటు అంటే అందరికీ ఉండి తీరవలసిన కొలత అని కాదు. అందులో సగం ఉన్నవారూ, రెట్టింపు ఉన్నవారూ పూర్తి ఆరోగ్యవంతులే. ఒకే మనిషిలో ఎడమకూ కుడికీ తేడా ఉండటం సర్వసాధారణం. పైగా ఆ కొలత రోజంతా ఒకేలా ఉండదు. ఆ చర్మం అడుగున సన్నని కండరాల పోగులు ఉంటాయి. చలికి, స్పర్శకు అవి బిగుసుకుని వలయం ముడుచుకుంటుంది, వేడి నీళ్ల స్నానం తర్వాత విప్పారుతుంది. యుక్తవయసులో, బరువు పెరిగినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు పెద్దదవుతుంది. గర్భిణుల్లో రంగు కూడా బాగా ముదురుతుంది. కాన్పు అయ్యాక, పాలు మాన్పించాక కొంత వెనక్కి వస్తుంది, పూర్తిగా రాకపోవచ్చు. వలయం మీద చిన్న చిన్న పొక్కుల్లా కనిపించేవి మాంట్‌గోమరీ గ్రంథులు. డబ్లిన్‌కు చెందిన ప్రసూతి వైద్యుడు విలియం మాంట్‌గోమరీ 1837లో వాటిని వర్ణించాడు. చనుమొన ఎండిపోయి పగలకుండా వాటి నుంచి ఊరే నూనె కాపాడుతుంది. మొటిమలనుకుని వాటిని గిల్లేవారున్నారు, దయచేసి గిల్లకండి.

ఏ క్రీమూ, ఏ నూనే, ఏ మర్దనా ఈ వలయాన్ని చిన్నది చేయవు. దుకాణాల్లో అమ్మే తెల్లబరిచే పూతల్లో కొన్నింటిలో స్టెరాయిడ్లు ఉంటాయి, అంత పలుచని చర్మం మీద అవి చేసే హాని చాలా ఎక్కువ.

ఇంకొక మాట అందానికి సంబంధించింది కాదు, అయినా ఇక్కడ చెప్పక తప్పదు. ఒక్క వైపు మాత్రమే చనుమొన మీద దురద, పొలుసులు రాలడం, ఎర్రగా ఒరిసిపోయి మానని పుండు, రసి, రక్తం కారడం, లేదా చనుమొన కొత్తగా లోపలికి లాక్కుపోవడం కనిపిస్తే, ముందు రొమ్ము క్యాన్సర్ పరీక్షలు చేయించుకోవాలి. పైకి గజ్జిలా కనిపించే ఒక క్యాన్సర్ ఉంది. 1874లో దాన్ని గుర్తించిన జేమ్స్ పాజెట్ పేరుతో పాజెట్ వ్యాధి అంటారు. నెలల తరబడి పైపూత మందులు రాసుకుంటూ గడిపేసేది ఇలాంటి చోటే. అలాగే నలభై దాటినవారు, ఇంట్లో తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు ఈ ఆపరేషన్‌కు ముందే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) గురించి డాక్టరుతో మాట్లాడాలి.

ఇక లెక్క. మినప గారెను మనసులో పెట్టుకోండి. చనుమొనను, దాని చుట్టూ కావలసినంత వలయాన్ని మధ్యలో అలాగే ఉంచి, బయటి అంచు వెంట గారె ఆకారంలో ఒక చర్మపు పట్టీని తీసేస్తారు. లోపలి వృత్తం కొత్త సైజు, బయటి వృత్తం పాత సైజు. ఆ రెండు అంచులనూ దగ్గరికి లాగి కుట్టేస్తారు. చెప్పడానికి ఇంతే. కానీ ఏడు సెంటీమీటర్ల వలయాన్ని నాలుగు చేయాలనుకుందాం. ఏడు సెంటీమీటర్ల వృత్తం చుట్టుకొలత సుమారు 22 సెంటీమీటర్లు. నాలుగు సెంటీమీటర్ల వృత్తానిది సుమారు పన్నెండున్నర. అంటే 22 సెంటీమీటర్ల అంచును పన్నెండున్నర సెంటీమీటర్ల అంచుకు కుట్టాలి. మిగిలిన తొమ్మిదిన్నర సెంటీమీటర్లు ఏమవుతాయి?

లంగాకు బొందు బిగించిన ప్రతి స్త్రీకీ జవాబు తెలుసు. నేఫాలో బొందు లాగితే వెడల్పాటి గుడ్డ నడుము కొలతకు వస్తుంది, మిగిలిన గుడ్డంతా కుచ్చులుగా చేరుతుంది. సర్జన్ చేసేదీ అదే. బయటి అంచు లోపల చుట్టూతా ఒక దారాన్ని పోనిచ్చి, బొందులా లాగి ముడి వేస్తారు. ఫ్రాన్స్‌కు చెందిన లూయీ బెనెల్లి 1990లో ఈ పద్ధతిని 'రౌండ్ బ్లాక్' పేరుతో వివరించారు. కాబట్టి ఆపరేషన్ అయిన కొత్తలో ఏరియోలా చుట్టూ సూర్యకిరణాల్లా సన్నని ముడతలు కనిపిస్తాయి. కట్టు విప్పగానే అవి చూసి కళ్లనీళ్లు పెట్టుకోనక్కర్లేదు. చర్మానికి గుడ్డకు లేని గుణం ఒకటుంది, అది నెమ్మదిగా సర్దుకుంటుంది. మామూలుగా కొన్ని నెలల్లో ఆ ముడతలు చాలావరకు సమసిపోతాయి. తీసిన పట్టీ మరీ వెడల్పయితే మాత్రం కొన్ని మిగిలిపోవచ్చు.

ఇదే లెక్కలో అసలు చిక్కు ఇంకొకటి ఉంది. బొందు తెగితే లంగా వదులవుతుంది గదా. కొన్నాళ్లకు కరిగిపోయే దారం వాడితే, అది కరిగాక బయటి చర్మం తన పాత చోటికి పోవాలని లాగుతూనే ఉంటుంది. వలయం మళ్లీ సాగుతుంది, మచ్చ వెడల్పవుతుంది. అమెరికన్ సర్జన్ స్కాట్ స్పియర్, ఆయన సహచరులు 1990లోనే దీనికి కొన్ని సూత్రాలు చెప్పారు. బయటి వృత్తం అడ్డుకొలత లోపలి వృత్తానికి రెండింతలు మించకూడదన్నది ఒకటి. చివరికి నిలిచే కొలత ఆ రెండింటికీ సరిగ్గా నడుమకు, అంటే వాటి సగటుకు, దగ్గరగా ఉంటుందన్నది మరొకటి. మన ఉదాహరణలో ఏడుకూ నాలుగుకూ నడుమ అంటే అయిదున్నర. నాలుగు చేస్తామని చెప్పిన వలయం ఏడాది తిరిగేసరికి అయిదున్నర కావచ్చన్నమాట. అందుకే ఇప్పుడు చాలామంది సర్జన్లు కరగని దారాన్ని లోపల శాశ్వతంగా వదిలేస్తారు. 2007లో డెనిస్ హామండ్ గోర్‌టెక్స్ దారంతో లోపలి అంచునూ బయటి అంచునూ సైకిల్ చక్రపు పుల్లల్లా కలుపుతూ కుట్టే పద్ధతిని ప్రచురించారు. నాన్‌స్టిక్ పెనం మీద పూతగా ఉండే పదార్థం జాతిదే ఆ దారం, శరీరం దానితో సాధారణంగా పేచీ పెట్టుకోదు. అయినా కొందరికి ముడి చేతికి తగులుతుంది, కొందరిలో చర్మం చీల్చుకుని బయటికి వస్తుంది, అరుదుగా చీము పడితే తీసేయాల్సి వస్తుంది. సర్జన్‌ను మీరు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇదేనని నేననుకుంటాను: లోపల ఏ దారం వేస్తారు, అది కరిగేదా, కరగనిదా?

మూడో ఫలితం రొమ్ము ఆకారం మీద ఉంటుంది. ముందుకు పొడుచుకొచ్చిన చోట చుట్టూ బిగించి లాగితే ఆ చోటు చదునుగా అవుతుంది. కొద్దిపాటి పట్టీ తీసినప్పుడు ఈ తేడా తెలియదు. ఎక్కువ తీస్తే ముందు భాగం నొక్కినట్టు కనిపిస్తుంది. రొమ్ము బాగా జారిన స్త్రీకి ఈ ఒక్క ఆపరేషన్ చాలదు. జారిన రొమ్మును చుట్టూ కోతతోనే పైకి ఎత్తాలని చూస్తే చదునూ వస్తుంది, మచ్చా సాగుతుంది. అలాంటివారికి వలయం నుంచి కిందికి నిలువుగా మరో కోత పెట్టి రొమ్మును ఎత్తే ఆపరేషన్ అవసరమవుతుంది, అందులోనే ఏరియోలా కూడా చిన్నదవుతుంది. కొందరికి పుట్టుకతోనే రొమ్ము అడుగు భాగం ఇరుకుగా ఉండి, లోపలి గ్రంథి అంతా వలయంలోకి ఉబుకుతుంది. ట్యూబరస్ బ్రెస్ట్ అంటారు. అక్కడ వలయాన్ని మాత్రమే కోస్తే ఉబుకు అలాగే ఉండిపోతుంది. లోపలి కట్టడిని వదిలించి ఆకారం సరిచేసే వేరే శస్త్రచికిత్స కావాలి.

ఆపరేషన్ రోజు ఎలా ఉంటుందో చెబుతాను. పడుకోబెట్టక ముందే, మీరు కూర్చుని గానీ నిలబడి గానీ ఉండగా సర్జన్ మార్కర్ పెన్నుతో గీతలు గీస్తారు. పడుకుంటే రొమ్ము పక్కకు జారిపోతుంది, అప్పుడు గీసిన వృత్తం లేచి నిలబడితే వృత్తంగా ఉండదు. గాజులాంటి ఒక లోహపు చట్రం ఉంటుంది. సాధారణంగా 38 నుంచి 42 మిల్లీమీటర్ల అడ్డుకొలత కలిగిన ఆ చట్రాన్ని చనుమొన మధ్యకు వచ్చేలా ఒత్తితే చర్మం మీద గుండ్రటి అచ్చు పడుతుంది. అదే కొత్త అంచు. ఆ గీతలు గీశాక అద్దం అడిగి తీసుకుని చూసుకోండి. ఇంకొంచెం పెద్దగా ఉంచమనడానికి, ఎడమా కుడీ పోల్చి చూడమనడానికి అదే చివరి అవకాశం.

చాలామందికి ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా ఇంజెక్షన్లు ఇచ్చి, అవసరమైతే కాస్త మగతకు మందు ఇచ్చి చేస్తారు. ఆ మొదటి సూది పోట్లే మొత్తం మీద ఎక్కువ నొప్పి. కొన్ని క్షణాలు భగ్గున మండుతుంది, తర్వాత లాగుతున్నట్టు తెలుస్తుంది గాని నొప్పి ఉండదు. రెండు వృత్తాల మధ్యనున్న పట్టీలో పై పొరను మాత్రం ఉల్లిపొరలా ఒలుస్తారు. కింది పొరను చాలావరకు అలాగే ఉంచుతారు, ఎందుకంటే చనుమొనకు రక్తం తెచ్చే సన్నని నాళాలకు అదే దారి.

ఇంటికి వచ్చాక మొదటి రెండు మూడు రోజులు బిగుతు, సలుపు, కొద్దిగా కమిలిన రంగు ఉంటాయి. మామూలు నొప్పి మాత్రలతో సరిపోతుంది, వాటిలోనూ రక్తం పలుచబరిచేవి కాకుండా డాక్టరు రాసినవే వాడాలి. కూర్చుని చేసే ఉద్యోగానికి మూడు నాలుగు రోజుల్లో వెళ్లిపోయేవారు ఎక్కువ. కానీ మన ఇళ్లలో ఉద్యోగం కంటే ఇంటిపని బరువు. నీళ్ల బిందె ఎత్తడం, చంకన పిల్లవాణ్ని మోయడం, పైఅరలో డబ్బా అందుకోవడం, తడిబట్టలు పిండడం మూడు నాలుగు వారాల పాటు వేరేవాళ్లు చేయాలి. ఆ ఏర్పాటు ముందే చేసుకోండి, ఇంట్లో ఎవరో ఒకరికి విషయం చెప్పండి. రహస్యంగా చేయించుకుని మర్నాడే పనిలో దిగినవారికే కుట్లు ఊడే ప్రమాదం. తీగ లేని మెత్తని బ్రా కొన్ని వారాల పాటు రాత్రింబవళ్లు వేసుకోమంటారు. బోర్లా పడుకోకూడదు. ఒక్క వైపు ఉన్నట్టుండి గట్టిగా ఉబ్బినా, చనుమొన నీలంగా గానీ నల్లగా గానీ మారినా, జ్వరం వచ్చినా, ఎర్రదనం పాకుతున్నా, చీము కారినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోను చేయాలి. చనుమొనకు రక్తం అందక కొంత భాగం చచ్చిపోవడం అరుదు, కానీ జరుగుతుంది. పొగ తాగేవారిలో ఆ ముప్పు ఎక్కువ, నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగించేస్తుంది కాబట్టి. కనీసం నాలుగు వారాల ముందు నుంచి పొగ మానాలి. మధుమేహం ఉంటే అదుపులోకి తెచ్చుకున్నాకే తేదీ తీసుకోవాలి.

మచ్చ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ ఆపరేషన్ అంటే వెడల్పాటి వలయాన్ని ఇచ్చి దాని బదులు చుట్టూతా ఒక గీతను తీసుకోవడం. ముదురు రంగు ఆగి మామూలు చర్మం మొదలయ్యే సరిహద్దు మీదే కుట్టు పడుతుంది కనుక బాగా మానితే ఆ గీత కలిసిపోతుంది. మన చామనఛాయ చర్మంలో అది రెండు విధాలుగా ఇబ్బంది పెట్టవచ్చు. ఒకటి, నల్లటి అంచులా మిగలడం. రెండు, రంగు పోయి తెల్లటి గీతలా కనబడటం. దీన్ని తర్వాత వైద్యపరమైన టాటూతో కప్పే వీలుంది. కొందరికి మచ్చ ఉబ్బి గట్టిపడుతుంది, కీలాయిడ్‌గా పెరుగుతుంది. మీది ఆ తరహా చర్మమో కాదో కొంతవరకు మీరే చూసుకోవచ్చు. భుజం మీద చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చను తడమండి. చెవులు కుట్టించినచోట, కాన్పు ఆపరేషన్ కోత దగ్గర చూడండి. అక్కడ కండ పెరిగి ఉంటే సర్జన్‌కు చూపించి, ఆపరేషన్ మానేయడం గురించి కూడా నిజాయితీగా మాట్లాడండి.

గాయం మానడం వేరు, మచ్చ పండటం వేరు. రెండు వారాల్లో గాయం మూతపడుతుంది. మచ్చ మాత్రం మొదటి మూడు నెలల్లో ఇంకా ఎర్రబడుతుంది, గట్టిపడుతుంది, దురద పెడుతుంది. ఆ తర్వాతే మెత్తబడటం, రంగు తేలడం. చివరి రూపం రావడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర. సిలికాన్ జెల్ గానీ పట్టీలు గానీ కొన్ని నెలలు వాడమంటారు. అందువల్ల ముహూర్తం పెట్టుకుని రెండు మూడు నెలల ముందు ఈ ఆపరేషన్‌కు పరుగెత్తే పెళ్లికూతుళ్ల విషయంలో నాకు చాలా బాధ కలుగుతుంది. మచ్చ అన్నిటికంటే ఎర్రగా, ఎత్తుగా ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఎవరో చూస్తారన్న భయంతో, ఎవరో అన్న ఒక్క మాటతో పెట్టుకునే గడువుకు చర్మం లొంగదు.

స్పర్శ సంగతి చాలామంది అడగడానికి మొహమాటపడతారు. చనుమొనకు స్పర్శనిచ్చే ముఖ్యమైన నరం నాలుగో పక్కటెముక కింద నుంచి వస్తుంది. రొమ్మును గడియారం ముఖం అనుకుంటే, ఎడమ వైపు నాలుగు గంటల చోట, కుడి వైపు ఎనిమిది గంటల చోట వలయంలోకి చేరుతుంది. పై చర్మానికే పరిమితమైన ఆపరేషన్ ఆ నరం జోలికి లోతుగా పోదు. అయినా కొన్ని వారాలు మొద్దుగానో, మరీ సున్నితంగానో అనిపించడం మామూలే. నెలల మీద సర్దుకుంటుంది. కొద్దిమందికి స్పర్శ శాశ్వతంగా తగ్గిపోవచ్చు, ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

పాలివ్వడానికి కూడా ఆ నరమే కీలకం. బిడ్డ చప్పరించగానే నరం మెదడుకు కబురు పంపుతుంది, ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది, పాలు చేపుకొస్తాయి. చర్మం మాత్రమే తీసినప్పుడు లోపలి పాలనాళాలు తెగవు, తర్వాత బిడ్డకు పాలిచ్చే వీలు చాలావరకు మిగిలే ఉంటుంది. కోత లోతుకు పోయినా, నరం దెబ్బతిన్నా, చనుమొన మొదట్లోనే కోత పెట్టే పద్ధతి ఎంచుకున్నా పాలు తగ్గవచ్చు. పూర్తి పూచీ ఏ సర్జనూ ఇవ్వలేరు. పైగా మరో గర్భం వలయాన్ని మళ్లీ సాగదీస్తుంది. కాబట్టి పిల్లలు కావాలనుకునేవారు వాయిదా వేసుకోవడమే మంచిదని నా సలహా. పాలిస్తున్న తల్లులు పాలు మాన్పించాక కనీసం ఆరు నెలలు ఆగాలి, అప్పటికి రొమ్ము తన స్థిమితమైన ఆకారానికి వస్తుంది. బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవారు ముందు ఆ పని ముగించుకోవాలి. పద్దెనిమిది నిండని, రొమ్ము ఇంకా ఎదుగుతున్న అమ్మాయికి అందం కోసం ఇది చేయకూడదు.

పురుషులకూ ఈ అవసరం వస్తుంది. రొమ్ము గ్రంథి పెరిగే గైనకోమాస్టియాలో వలయం కూడా సాగుతుంది. అక్కడ ముందు గ్రంథిని తీస్తారు. జెరోమ్ వెబ్‌స్టర్ 1946లో చెప్పిన, వలయం కింది అంచు వెంట అర్ధచంద్రాకారపు కోత ఇప్పటికీ వాడుకలో ఉంది. లోపలి ఒత్తిడి పోగానే చాలామందిలో వలయం దానంతటదే ముడుచుకుంటుంది. కొన్ని నెలలు ఆగి చూశాకే చర్మం తీయాలో వద్దో తేల్చుకోవాలి.

డబ్బు విషయం. అందం కోసం చేసే ఆపరేషన్లకు ఆరోగ్య బీమా వర్తించదు. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన మినహాయింపుల్లో ఇదొకటి. వైద్యసేవలకు ఉన్న జీఎస్టీ మినహాయింపు కూడా దీనికి లేదు, బిల్లు మీద పన్ను పడుతుంది. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో వచ్చిన తేడా, గాయం సరిచేయడానికైతే పన్ను నియమం వేరు. ట్యూబరస్ బ్రెస్ట్ లాంటిది ఉన్నవారు ఆ నిర్ధారణను డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవడం ఉపయోగపడుతుంది. చెప్పిన మొత్తంలో ఆపరేషన్ థియేటర్, మత్తు, మందులు, తర్వాతి కట్లు అన్నీ కలిశాయా, వలయం మళ్లీ సాగితే సరిదిద్దడానికి ఎంత తీసుకుంటారు అన్నది ముందే రాతలో అడగాలి.

సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ, డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉండాలి. బోర్డు మీద 'కాస్మెటిక్' అన్న మాట అర్హత కాదు. పేరు రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులో ఉందో లేదో చూసుకోవచ్చు. పరీక్ష చేసేటప్పుడు గదిలో మరో మహిళ ఉండాలని అడగడం మీ హక్కు. వైద్య రికార్డు కోసం ఫొటోలు తీస్తారు, అది అవసరమే. కానీ వాటిని ప్రకటనకు వాడటానికి వేరే సంతకం కావాలి, ఆ కాగితం మీద సంతకం పెట్టకుండానే చికిత్స చేయించుకోవచ్చు. సర్జన్ తన పాత రోగుల ఫొటోలు, వారి అనుమతి ఉన్నవి, చూపిస్తే ఆపరేషన్ అయిన నెలకు తీసినవి పక్కన పెట్టమనండి. మీలాంటి చామనఛాయ చర్మం మీద ఏడాది తర్వాత తీసినవి, మచ్చ దగ్గరగా కనిపించేవి అడగండి.